ఐవిన్ గుమ్మానికి తోరణం

మా మిల్లు వీధిలో పద్నాలుగు ఇళ్లున్నాయి. వాటిలో పదకొండు ఇళ్ల గుమ్మాలకు తోరణం కట్టినవాడు ఐవిన్. పెళ్లయి పన్నెండున్నరేళ్లు నిండితే జరిపే రాగి పెళ్లికి అర తోరణం, పాతికేళ్ల వెండి పెళ్లికి నిండు తోరణం, యాభై ఏళ్ల బంగారు పెళ్లికి ఇంకా ఒత్తుగా. ఎవరి గుమ్మం ఎంత వెడల్పో, ఎవరింటి మెట్టు ఎటు వాలిందో అతనికి కంఠతా వచ్చు. దేవదారు కొమ్మల్ని జానెడు జానెడు తుంచి సన్నతీగతో చెక్క చట్రానికి చుట్టుకుంటూ పోతుంటే, కొమ్మలు అందించడానికి ముగ్గురం చాలేవాళ్లం కాదు. మేం కట్టింది వంకరగా ఉంటే ఏమీ అనడు. మేం కాఫీకి వెళ్లినప్పుడు విప్పి మళ్లీ కడతాడు.

నా పేరు బోడిల్. ముప్పై ఏళ్లు మున్సిపాలిటీ తరఫున ముసలివాళ్ల ఇళ్లకు సైకిల్ మీద తిరిగి, మందులిచ్చి, స్నానాలు చేయించి రిటైరయ్యాను. నాకు నోరెక్కువని వీధంతా అంటుంది. నిజమే. కానీ ఇప్పుడు చెప్పబోయే సంగతిలో ఆ నోరు లేవాల్సిన వేళకు లేవలేదు. అది నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

మా వెండి పెళ్లి 2003లో జరిగింది. పొద్దున ఆరున్నరకు కిటికీ కింద ట్రంపెట్ మోగింది, వీధి వీధంతా పాట అందుకుంది. నేనూ మా ఆయన హోల్గరూ నైట్ డ్రెస్సుల్లోనే తలుపు తీసి, ఏమీ తెలియనట్టు నోళ్లు తెరిచి నిలబడ్డాం. అసలు ముందురోజు నలభై మందికి బన్నులు చేసి గుడ్డ కప్పి దాచింది నేనే. అందరూ అంతే చేస్తారు. తెలిసినా తెలియనట్టుండటమే మర్యాద. తోరణం కావాలని ఎవరూ నోరు తెరిచి అడగరు, అడిగితే ఇక తలెత్తుకు తిరగలేరు. కట్టించే పూచీ పక్కింటివాళ్లది. పక్కింటివాళ్లను దాటి ఇంకొకరు ఆ పనికి పూనుకోరు. ఇది ఎక్కడా రాసి లేదు గానీ మా ఊళ్లో ఇంతకన్నా గట్టి చట్టం లేదు.

ఆ రోజు జనమంతా మమ్మల్ని కౌగిలించుకుని శుభాకాంక్షలు చెబుతుంటే ఐవిన్ మాత్రం తీగ గీసుకుపోయిన వేళ్లతో మా ద్వారబంధాన్ని తడిమి చూస్తూ నిలబడ్డాడు.

"ఎడం పక్క రెండు వేళ్ల మందం దిగిపోయింది బోడిల్. వానాకాలం రాకముందే హోల్గర్‌తో సరిచేయించు" అన్నాడు.

అదీ అతని దీవెన.

ఐవిన్ 1990లో మా బడికి కేర్‌టేకర్‌గా వచ్చాడు. రెండేళ్లకు అతనింటికి టోర్కిల్ వచ్చాడు. టోర్కిల్‌ది పట్నంలో కట్టుడు పళ్లు తయారుచేసే పని. ఇద్దరూ ఒకింట్లో ఉంటుంటే 'అద్దె కలిసొస్తుందని ఉంటున్నారు' అని వీధి తనకు తానే సర్దిచెప్పుకుంది. 1994 మే ఇరవైన ఇద్దరూ సూట్లు వేసుకుని టౌన్ హాలుకు వెళ్లి సంతకాలు పెట్టి వచ్చారు. అప్పట్లో మా చట్టం దాన్ని పెళ్లి అనేది కాదు, నమోదైన జోడీ అనేది. ఆ సాయంత్రం ఐవిన్ ఇంటింటికీ కేకు పంచాడు. ఇంటింటా తిన్నారు.

మా వాళ్లు రాళ్లు విసిరే రకం కాదు. ఏదన్నా నవ్వుతూనే అంటారు. కాఫీ పోస్తూ "ఇంతకీ మీ ఇద్దర్లో ఇల్లాలు ఎవరయ్యా?" అంటారు. ఐవిన్ "ఎవరు ముందు నిద్రలేస్తే వాళ్లే" అనేవాడు. ఆ ప్రశ్న వందసార్లు విని ఉంటాడు, వందసార్లూ కొత్తగా విన్నట్టే నవ్వాడు. విందు పిలుపుల మీద మాకందరికీ ఆలుమగల పేర్లు జంటగా రాసి, అతని కార్డు మీద 'ఐవిన్, స్నేహితుడు' అని రాసేవాళ్లు. బడిలో శనివారాలు పిల్లలకు వడ్రంగం నేర్పేవాడు. ఒక తల్లి వచ్చి "మరేం అనుకోకండి, క్లాసు జరుగుతున్నంతసేపూ తలుపు తెరిచి పెడితే మాకు నిశ్చింతగా ఉంటుంది" అంది. ఐవిన్ తెరిచి పెట్టాడు. ఆ చలికాలమంతా పిల్లలు కోట్లు వేసుకుని రంపం పట్టారు. మరుసటేడు ఆ క్లాసు పెట్టలేదు.

టోర్కిల్‌కు గుండె ఆపరేషన్ అయినప్పుడు "మీరు అన్నగారా?" అని నర్సు అడిగిందట. "భర్తని" అన్నాడట ఐవిన్. "ఓహో" అని కాగితం మీద ఏదో కొట్టేసి ఇంకేదో రాసుకుందట. ఒక్క దురుసు మాట లేదు. కానీ ఆ తర్వాత ప్రతి చిన్న విషయానికీ వంద మైళ్ల అవతల ఉన్న టోర్కిల్ చెల్లెలికి ఫోన్ చేసి అడిగారు. పక్కన కుర్చీలో కూర్చున్న మనిషిని అడగలేదు.

ఇవన్నీ నాకు టోర్కిల్ చెబితే తెలిసినవే. ఐవిన్ నోట ఒక్కటి కూడా రాలేదు. నేను కదిలిస్తే "వాళ్లకు అలవాటు లేదు బోడిల్, అలవాటవుతుంది" అనేవాడు. టోర్కిల్‌కు ఒళ్లు మండేది.

"వీళ్లకు కావాల్సింది నీ చేతులు, నువ్వు కాదు" అనేవాడు.

"మన వెండి పెళ్లి రానీ, చూద్దువుగాని."

"రాగి పెళ్లికి చూశాంగా!"

రాగి పెళ్లి 2006 చివర్లో వచ్చింది. ఆ నెలలోనే టోర్కిల్ వాళ్లమ్మ పోయింది. చావింటికి తోరణం ఏమిటని ఎవరూ కదల్లేదు. అది సరైన కారణమే అనుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే, కారణం దొరికినందుకు వీధి ఊపిరి పీల్చుకుందేమో అనిపిస్తుంది. ఐవిన్ మాత్రం పాతికేళ్ల రోజు మీదే ఆశంతా పెట్టుకున్నాడు. ఈ వీధి తనను తన మనిషి అనుకుంటుందా లేదా అన్నదానికి అతని లెక్కలో ఆ రోజే సాక్ష్యం.

ఆ రోజు 2019 మే ఇరవై. దానికి ముందు పది రోజులు నేను ఊళ్లో లేను. మా అక్కకు తుంటి ఆపరేషన్ అయితే ఆల్బోర్‌లో ఆమె దగ్గరున్నాను. పంతొమ్మిదో తారీఖు రాత్రి భోజనం వేళకు ఇల్లు చేరి, సంచీ కింద పెట్టకముందే హోల్గర్‌ను అడిగాను.

"తోరణం కట్టడం అయిపోయిందా? నేను లేకుండానే కానిచ్చేశారా?"

హోల్గర్ పేపర్లోంచి తలెత్తలేదు. "ఫ్లెమింగ్ చూసుకుంటున్నాడులే" అన్నాడు.

ఫ్లెమింగ్ ఐవిన్‌కు పక్కింటివాడు, మా వీధి సంఘం అధ్యక్షుడు కూడా. ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. పూచీ అతనిదే కాబట్టి అతను చూసుకోవడం సబబే అనుకున్నాను. నాలుగు గంటలు రైల్లో కూర్చుని వచ్చానేమో, పడుకోగానే నిద్రపట్టింది.

పొద్దున ఆరుంబావుకు పాటల పుస్తకం చంకన పెట్టుకుని తయారయ్యాను. హోల్గర్ మంచం దిగలేదు. "మోకాలు పట్టేసింది, నువ్వు పద, వస్తా" అన్నాడు. నేను ఒక్కదాన్నే బయల్దేరాను. వీధి మలుపు తిరిగేటప్పటికి జనం కనిపించాలి. కనిపించలేదు. ఐవిన్ ఇంటి ముందు జెండా కొయ్య మీద కొత్త జెండా ఎగురుతోంది. అటూ ఇటూ చూశాను. మామూలుగా ఒకరింటి వేడుకకు వీధిలో అన్ని కొయ్యల మీదా జెండాలు లేస్తాయి. ఆ రోజు మిగతా పదమూడు కొయ్యలూ బోడిగా ఉన్నాయి.

గుమ్మానికి ఒక్క ఆకు లేదు.

నేను తేదీ పొరబడ్డానేమో అని ఫోన్ తీసి చూసుకున్నాను. ఇరవయ్యే. వేళ పొరబడ్డానేమో అనుకున్నాను. ఆరున్నర. అలా నడి రోడ్డు మీద పుస్తకం పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంటే తలుపు తెరుచుకుంది.

ఐవిన్, టోర్కిల్ ఇద్దరూ డ్రెస్సింగ్ గౌన్లలో గుమ్మంలో నిలబడ్డారు. ఐవిన్ జుట్టు నీళ్లతో తడిపి దువ్వుకున్నాడు. నోరు అప్పటికే ఆశ్చర్యానికి సిద్ధంగా తెరిచి ఉంది. వాళ్ల వెనక పొడవాటి బల్ల మీద తెల్లగుడ్డ, వరసగా కప్పులు, చిన్న గ్లాసులు, బన్నుల గంపలు కనిపించాయి. ఐవిన్ నన్ను చూశాడు. నా వెనక్కి చూశాడు. తర్వాత నెమ్మదిగా తల తిప్పి ద్వారబంధం పైకి చూశాడు.

"మిగతావాళ్లేరీ బోడిల్?" అన్నాడు.

"వస్తున్నారు" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. నోరే అనేసింది. "ట్రంపెట్ ఊదేవాడు లేటు చేసినట్టున్నాడు. ఇప్పుడే పిలుచుకొస్తా. మీరు లోపలికెళ్లండి, నేను చూడనట్టే!"

ఐవిన్ నవ్వాడు. నమ్మాడు! తలుపు వేసుకున్నారు.

మొదట రోడ్డుకు అవతల సిన్నె ఇంటి తలుపు కొట్టాను. సిన్నెకు ముప్పై రెండేళ్లు, టీచరు. ఆమె కారు వెనక ఇంద్రధనుస్సు స్టిక్కర్ ఉంటుంది, ప్రతి ఆగస్టులో పిల్లల్ని తీసుకుని పట్నంలో ఇలాంటి జంటలకు మద్దతుగా జరిగే ఊరేగింపుకు వెళ్తుంది. వీధిలో ఒక్కరైనా లేచి కూర్చుని ఉంటే అది ఆమే అనుకున్నాను.

"అదేంటి ఆంటీ, మీకు తెలీదా? వద్దనుకున్నాం కదా" అంది, బ్రష్ చేతిలో పట్టుకుని.

"ఎవరు వద్దనుకున్నారు?"

"అందరం. పోయిన మంగళవారం ఫ్లెమింగ్ గారి గరాజ్‌లో మీటింగ్ పెట్టారు. మీరు ఊళ్లో లేరు. నేనూ చెప్పాను, వాళ్లలాంటివాళ్లకు ఈ పాతకాలం తంతులు నచ్చవు, మన పద్ధతులు వాళ్ల మీద రుద్దకూడదు అని. గౌరవం ఉండే చెప్పాను ఆంటీ!"

"వీధిలో తోరణాలన్నీ కట్టింది ఆ మనిషేనమ్మా! నచ్చకపోతే కడతాడా? అతన్ని అడిగావా?"

"అడక్కూడదు కదా. అదేగా పద్ధతి?" అంది సిన్నె, నిజంగానే అర్థంకానట్టు.

గౌరవం కొద్దీ మనిషిని గుమ్మంలో నిలబెట్టవచ్చని నాకు అరవై ఆరేళ్లు వచ్చాక తెలిసింది.

ఆ పక్కిల్లు గుద్రున్‌ది. ఎనభై నాలుగేళ్ల పెద్దావిడ, ఆమె భర్త బతికుండగా బంగారు పెళ్లికి ఐవిన్ వానలో తడుస్తూ తోరణం కట్టాడు. నన్ను చూడగానే కళ్లు దించుకుంది.

"నాకు వాళ్ల మీద ఏమీ లేదు తల్లీ. బంగారం లాంటి మనిషి, చలికాలం వస్తే నా గుమ్మం ముందు మంచు ఎత్తిపోసేది అతనేగా. కానీ పాట సంగతేం చేయాలి చెప్పు? పెళ్లికూతురికి ఒక చరణం, పెళ్లికొడుక్కి ఒక చరణం ఉన్నాయి. పెళ్లికూతురి చరణం ఎవర్ని చూసి పాడాలి?"

"నన్ను చూసి పాడండి గుద్రున్ గారూ. నేను సిగ్గుపడతాను."

ఆవిడ నవ్వలేదు. "అందరూ వస్తే నేనూ వచ్చేదాన్నే" అంది. అప్పటికే తలుపు సగం మూసేసింది.

ఫ్లెమింగ్ తన ఇంటి ముందు చెక్క చెప్పులతో నిలబడి గులాబీలకు నీళ్లు పడుతున్నాడు. పక్కింటి గుమ్మానికి పట్టుమని పది అడుగుల దూరం లేదు. నన్ను చూసి పైపు కట్టేశాడు.

"అరవకు బోడిల్. నువ్వు రాకముందే నీ మొహం అరుస్తోంది. ఇది ద్వేషం కాదు, లెక్క. వాళ్లు తొంభై నాలుగులో చేసుకున్నది పెళ్లి కాదు, నమోదు. పెళ్లి చట్టం వచ్చింది రెండువేల పన్నెండులో. అప్పుడు వెళ్లి కాగితం మార్చుకున్నారు. అంటే వెండి పెళ్లి రెండువేల ముప్పై ఏడులో వస్తుంది. ఆ రోజు నేను బతికుంటే నా చేతులతో నేనే కడతా, సరేనా?"

"అప్పటికి ఐవిన్‌కు ఎనభై ఆరేళ్లు!"

"దానికి నేనేం చేయను? చట్టం నేను రాశానా?"

"నీ వెండి పెళ్లికి రెండు రోజులు సెలవు పెట్టి నీ గుమ్మానికి తోరణం కట్టాడయ్యా. ఆ రోజు నువ్వతన్ని ఇదే లెక్క అడిగావా?"

అక్కడ మాత్రం ఫ్లెమింగ్ మొహం కాస్త ఎర్రబడింది. గొంతు తగ్గించాడు. "చూడు, ఇవాళ వీళ్లకు కడితే రేపు పేపర్లో ఫొటో వస్తుంది. మన వీధి గురించి ఎవరో ఏదో రాస్తారు. యూట్టెకు ఇలాంటివి ఇబ్బంది" అన్నాడు. యూట్టె అతని భార్య. ఆమె వంటింటి కిటికీలోంచి మమ్మల్ని చూస్తూనే ఉంది. "అయినా నన్నొక్కణ్నే అంటావేం? అందరం కలిసే అనుకున్నాం. నమ్మకపోతే మీ ఆయన్నడుగు. నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు."

ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. హోల్గర్ వంటింట్లో కాఫీ తాగుతున్నాడు. మోకాలికి ఏ కట్టూ లేదు. హోల్గరూ ఐవిన్ ఇరవై ఏళ్లుగా గురువారాలు కలిసి చేపలు పట్టడానికి వెళ్తారు. హోల్గర్ మొహానికి గాలం గుచ్చుకున్న రోజు అతన్ని కారులో ఆస్పత్రికి చేర్చింది ఐవినే.

"మీటింగుకు వెళ్లావా?"

"వెళ్లాను."

"ఏం మాట్లాడావు?"

"ఏమీ మాట్లాడలేదు బోడిల్. వద్దనుకుంటున్నాం, ఎవరికన్నా అభ్యంతరం ఉందా అని ఫ్లెమింగ్ అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు."

"నువ్వున్నావుగా!"

"ఒక్కణ్నే ఏం చేయను? అంతమందిలో లేచి నిలబడి..." కప్పు అటూ ఇటూ తిప్పాడు. "ఐవిన్ అంటే నీకెందుకంత ఇది అని అడుగుతారు. నేనూ అతనూ ఒకే పడవలో తిరుగుతాం. నీకు తెలీదు మనుషులు ఏమేం అంటారో."

"మరి నిన్న నాతో ఫ్లెమింగ్ చూసుకుంటున్నాడన్నావు."

"చూసుకున్నాడుగా" అన్నాడు చిన్నగా.

నలభై ఒక్క ఏళ్లు ఈ మనిషి పక్కన పడుకున్నాను. ఇతను పిరికివాడని నాకు ఎవరూ చెప్పలేదు, నాకు నేనుగా ఎప్పుడూ చూడనూ లేదు. అరవాల్సినదాన్ని, అరవలేదు. "చొక్కా వేసుకుని నాతో రా" అన్నాను. అతను కదల్లేదు. నేను షెడ్డులోంచి కత్తెర తీసుకుని మా కంచె దగ్గరున్న దేవదారు చెట్టు నుంచి చేతికందిన నాలుగు కొమ్మలు తెగ్గోసి, ఒక తీగచుట్ట జేబులో వేసుకుని వెనక్కి నడిచాను. ఫ్లెమింగ్ ఇంటి ముందు నుంచి పోతుంటే యూట్టె కర్టెన్ చాటుకు తప్పుకుంది.

ఐవిన్ గుమ్మం దగ్గర కొమ్మల్ని ద్వారబంధానికి ఆనించి తీగ చుట్టబోయాను. ఒకటి నిలబెడితే ఇంకొకటి జారిపోతోంది. పదహారేళ్లుగా పక్కన నిలబడి అందించానే తప్ప కట్టడం నేర్చుకోలేదు. చేతికి జిగురంటుకుంది, ఏడుపొచ్చింది. అప్పుడు తలుపు తెరుచుకుంది. ఈసారి ఇద్దరూ సూట్లు వేసుకుని ఉన్నారు.

ఐవిన్ కిందపడిన కొమ్మల్ని ఏరి, దులిపి, గోడవారగా పెట్టాడు.

"లోపలికి రా బోడిల్. ఇది ఒక్కరు కట్టేది కాదు" అన్నాడు.

ఆ పొడవాటి బల్ల దగ్గర ముగ్గురం ఒక చివర కూర్చున్నాం. టోర్కిల్ మూడు కప్పుల్లో కాఫీ పోశాడు. అతని మొహం నాకు అర్థమైంది. అతను ఆరున్నరకే అంతా గ్రహించాడు. ఐవిన్ మాత్రం ఇంకా ఏదో లెక్క వేసుకుంటూ ఉన్నాడు. బన్ను చీల్చి, వెన్న రాసి, తినకుండా పక్కన పెట్టాడు.

"మర్చిపోయారు కదూ?" అన్నాడు. "సోమవారం వచ్చింది మరి. అందరికీ పనుల రోజు. ఫ్లెమింగ్‌కు ఈ మధ్య మతిమరుపు కూడా ఎక్కువైంది. పోనీ వచ్చే ఆదివారం వస్తారేమో. గుర్తొచ్చాక వాళ్లే సిగ్గుపడతారు పాపం."

అవునని ఒక్క మాట అంటే చాలు, ఆ పూట గడిచిపోయేది. నాకు అనాలనే ఉంది. ముసలివాళ్ల మంచాల పక్కన కూర్చుని ఇలాంటి అబద్ధాలు వందలు చెప్పాను. కానీ టోర్కిల్ నా వైపే చూస్తున్నాడు. పాతికేళ్లుగా ఈ ఇంట్లో నిజం చెప్పి నోరు మూయించుకున్నవాడు అతను. ఆ చూపు ముందు అబద్ధం రాలేదు.

"మర్చిపోలేదు ఐవిన్. కూర్చుని మాట్లాడుకున్నారు. వద్దనుకున్నారు."

"ఎవరు?"

"అందరూ."

"ఎప్పుడు?"

"పోయిన మంగళవారం. ఫ్లెమింగ్ గరాజ్‌లో. నేను ఊళ్లో లేను, నాకు ఇవాళే తెలిసింది. హోల్గర్..." కప్పు పక్కకు జరిపాను. "హోల్గర్ కూడా ఉన్నాడు."

ఐవిన్‌కు కోపం వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. ఎవరో పరాయి భాషలో ఏదో చెబితే మాట మాటా కూడబలుక్కుంటున్నట్టు నా మొహంలోకే చూస్తున్నాడు.

"మంగళవారమా?" అన్నాడు. "ఆ మంగళవారమా?"

టోర్కిల్ వైపు తిరిగాడు. టోర్కిల్ తల దించుకున్నాడు.

"మేం చూశాం బోడిల్. ఆ సాయంత్రం నేను ఈ కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాను. ఒక్కొక్కరే గరాజ్‌లోకి వెళ్తున్నారు. పదిహేడు మందిని లెక్కపెట్టాను. అందుకే బన్నులు ఎక్కువ చేయించాను. ఎప్పుడూ ఏ మీటింగుకూ పోని హోల్గర్ వెళ్తుంటే టోర్కిల్‌ను పిలిచి చూపించాను. చూశావా, హోల్గర్ కూడా వెళ్తున్నాడు, మన కోసమే, ఇప్పటికైనా ఒప్పుకో అన్నాను. వీడు ఒప్పుకున్నాడు కూడా. నా చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత ఆ పక్క కర్టెన్ వేసేశాం. మేం చూశామని మీకు తెలిస్తే మీరు చిన్నబుచ్చుకుంటారని. వారం రోజులు మేం ఆ కర్టెన్ తీయలేదు."

టోర్కిల్ లేచి వెళ్లి కర్టెన్ తీశాడు. ఐవిన్ అటు చూడలేదు.